సముద్రానికి కట్ట

కాబట్టి షోర్ అనేది నీళ్ళ మీద ఉన్నవాడి మాట. పడవలో చాలాసేపు ఉండి, విసిగి, తల ఎత్తి చూసినవాడికి కనిపించే నేల. కోస్ట్ అలాంటిది కాదు. కోస్ట్ అనేవాడు నీళ్ళలోనూ లేడు, నేల మీదా లేడు. ఎక్కడో గదిలో పటం ముందు పెట్టుకుని, తుఫాను ఎక్కడ తగులుతుందా అని గీత వెంట వేలు పోనిస్తున్నాడు. బీచ్ అనేవాడికి ఆ రోజు పని లేదు. చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తాడు. ఒక్క అంచుకు ఇన్ని పేర్లెందుకని పొద్దున రోజీకి విసుగొచ్చింది. ఇప్పుడు, మిరపకాయ తొడిమ విరుస్తూ ఉంటే, అవి అంచు పేర్లు కావేమో అనిపించింది. ఎవరు ఎక్కడ నిలబడి చూస్తున్నారో, ఆ నిలబడ్డ చోట్ల పేర్లు అవి.

కాగితంలో ఇదంతా లేదు. ఎనిమిది ఇంగ్లీషు మాటలు, ఒక్కోదాని ఎదురుగా తెలుగులో ఒక వరస, అంతే. సుప్రియ కంభంలో ప్రింటు తీయించి పొద్దున్నే ఇంటికి తెచ్చి ఇచ్చింది. గిద్దలూరులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెబుతుంది ఆ అమ్మాయి. చిన్నప్పుడు సండే స్కూల్లో రోజీ ముందు చాప మీద కూర్చున్న పిల్లే. "అత్తా, కోప్పడొద్దు. తీరికైనప్పుడు చూడు," అంది. రోజీకి కోపం రాలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని కళ్ళానికి వచ్చేసింది.

ఊళ్ళో సువార్త సభలు జరిగే మూడు రోజులూ రోజీ మిరప పనికి రాదు. ఘాటుకు గొంతు పట్టేస్తుంది, మైకు ముందు దగ్గు వస్తుంది. ఇరవై రెండేళ్ళుగా అదే అలవాటు. ఈ రోజు మూడో రోజు, అయినా వచ్చింది. ఇంట్లో ఒక్కతే కూర్చుంటే నిన్నటి నవ్వు మళ్ళీ మళ్ళీ వినపడుతోంది. ఇక్కడ కనీసం చేతులు మండుతున్నాయి. మంట ఉన్నచోట నవ్వు నిలవదు.

"ఏంది వదినా, కాయలకు పాఠం చెప్తన్నావా?" అంది మల్లి. "పెదాలు కదల్తన్నాయి."

మల్లి పుల్లలచెరువు అవతల అడవి అంచు పల్లె మనిషి. ఏటా ఈ నెలల్లో ముఠాతో కలిసి మిరప కోతలకు వచ్చి, పాఠశాల వెనక గుడిసె వేసుకుని ఉండిపోతుంది. ట్రాక్టరు ట్రక్కు నీడలో వాళ్ళు ముగ్గురు ఒక రాశి చుట్టూ కూర్చున్నారు. రోజీ, మల్లి, వాళ్ళిద్దరికన్నా చాలా పెద్దది జ్ఞానమ్మ అవ్వ. ఎర్రకాయ ఒక పక్కకు, తాలుకాయ ఒక పక్కకు.

"ఇంగ్లీషు మాటలు వల్లె వేస్తన్నాలే," అంది రోజీ.

"యేం మాటలు?"

"నీళ్ళ అంచుకు ఎన్ని పేర్లున్నాయో అవి."

మల్లి ఒక తాలుకాయను పక్కకు విసిరింది. "నీళ్ళుంటే గదా అంచు. మా ఊళ్ళో ట్యాంకరొచ్చి నిలబడిన కాడే అంచు. దానికేం పేరు పెట్టినారో చూడు."

జ్ఞానమ్మ అవ్వ నవ్వలేదు. ఆమెకు ఒక చెవి సరిగా వినపడదు. వినపడనిదాన్ని పట్టించుకోకుండా తనకు కావలసినదాన్ని అడగడం ఆమె పద్ధతి. "అది సరే గాని పాపా, ఆ ముసలామె రాత్రంతా కట్ట మీద దీపం పట్టుకోని నిలబడింది గదా. మొగుడొచ్చినాడా, రాలేదా?"

"తెల్దవ్వా. ఈ పొద్దు చెప్తాడంట."

"నీకు ముందే తెలిసుంటాది అనుకున్యా."

"ఆయన చెప్పినాకనే నాకూ తెలిసేది."

ఇదే ఎవరూ నమ్మరు. తర్జుమా చేసే మనిషికి కథ ముందే తెలుసని అందరూ అనుకుంటారు. తెలియదు. ఒక్కొక్క వాక్యమే చేతికి వస్తుంది, వేడివేడిగా. దాన్ని పక్కవాళ్ళకు అందించేలోగా ఇంకొకటి.

కేరళ నుంచి వచ్చిన పాస్టరు చెబుతున్నది తన అవ్వ కథ. అక్కడ సముద్రం పక్కనే వాళ్ళ ఊరు. తాత చేపలకు పోయాడు, గాలి లేచింది, మిగతా పడవలు తిరిగొచ్చాయి, ఆయనది రాలేదు. అవ్వ లాంతరు వెలిగించుకుని షోర్ మీద నిలబడింది. ఆయన ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగుతాడు. ఎడమపక్క నిలబడిన రోజీ దాన్ని తెలుగులో చెబుతుంది. ఆయన చెయ్యి ఎత్తితే తానూ ఎత్తుతుంది. ఆయన గొంతు తగ్గిస్తే తగ్గిస్తుంది. మొదటిరోజు సాయంత్రం ఆ వాక్యం వచ్చినప్పుడు, "మా అవ్వ లాంతరు పట్టుకుని కట్ట మీద నిలబడింది," అని చెప్పింది. ముందు వరసల్లో పెద్దవయసు ఆడవాళ్ళు ఒక్కసారిగా కదిలారు. కొంగులు కళ్ళకు పోయాయి. పాస్టరు ఆశ్చర్యపోయాడు. తన మాటకు ఇంత బలం ఉందని ఆయనకు ఎప్పుడూ అనిపించి ఉండదు.

రెండోరోజు స్టేజీ మీద కుర్చీలో కూర్చున్న శ్యాంసన్ లేచివచ్చి పాస్టరు చెవిలో ఏదో చెప్పాడు. శ్యాంసన్ సభల కమిటీ కార్యదర్శి, రిటైరైన హెడ్మాస్టరు. పాస్టరు విని, పెద్దగా నవ్వి, రోజీ భుజానికి దగ్గరగా చెయ్యి చూపిస్తూ ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పి ఆగాడు. అలవాటు ప్రకారం ఆగాడు.

అలవాటు ప్రకారం రోజీ చెప్పింది. "మీ సహోదరి సముద్రానికి కట్ట కట్టింది. ఇంక మా ఊరికి తుఫాను భయం లేదు."

ఆయన నవ్విన నవ్వే నవ్వుతూ, ఆయన చూపించిన చెయ్యే తన మీదికి చూపించుకుంటూ చెప్పింది. జనం నవ్వారు. మగవాళ్ళ వైపు ఎక్కువ. ఆ నవ్వు ఎవరి మీదికి వస్తోందో ఆమె శరీరానికి అందడానికి ఒక క్షణం పట్టింది. అప్పటికి తరవాతి వాక్యం వచ్చేసింది.

దెబ్బ తిన్న మనిషి ఏడవవచ్చు, తిట్టవచ్చు. తనను కొట్టిన చెయ్యి తనదే అయినప్పుడు ఏం చెయ్యాలి? నిన్న రాత్రంతా ఆమెకు అదే ఆలోచన.

మోటారు సైకిలు కళ్ళం దాకా వచ్చి ఆగింది. శ్యాంసన్ స్టాండు వేసి, ప్యాంటు కాళ్ళకు ధూళి తగలకుండా జాగ్రత్తగా నడిచివచ్చాడు. రెండుసార్లు తుమ్మాడు.

"రోజీ, చేతులు కడుక్కో. మాట్లాడాల."

"చెప్పన్నా. మంట చేతులకే, చెవులకు లేదు."

"కాగితం చూసినావా?"

"చూసినా. మంచి కాగితం. స్ట్రాండ్ అనే మాట నాకు తెల్దు. షోర్‌కి పాతమాట అంట. ఎవురన్నా యాడనన్నా దిక్కులేకుండా చిక్కుకపోతే, దానికీ ఆ మాటే వాడతారంట."

శ్యాంసన్‌కు ఉత్సాహం వచ్చింది. బడిలో తెలివైన పిల్ల జవాబు చెప్పినప్పటి ముఖం. "అదీ! నువ్వు తెలివైనదానివని నేను ఎప్పుడూ చెప్తానే ఉంటా. అయితే ఈ పొద్దు తీరం అని చెప్తావు."

"చెప్పను."

మల్లి చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఏందమ్మా, చెప్పను అంటే?"

"కట్ట అనే చెప్తా."

"తెలీక చెప్తే అది ఒకటి. తెలిసీ చెప్తా అంటే మొండితనం."

"తెలీక ఇరవై రెండేండ్ల కింద చెప్పినా. పదేండ్ల నుంచి తెలిసే చెప్తన్నా."

"సముద్రానికి కట్ట ఏంది రోజీ! లైవ్ పెడతన్నాం మనం. ఫోన్లలో చూస్తన్నారు. ఒంగోలోళ్ళు, చీరాలోళ్ళు చూసి నవ్వుతా మెసేజీలు పెడతన్నారు. వీళ్ళకు చెరువు తప్ప ఇంకోటి తెల్దా అంటన్నారు."

"చీరాలోళ్ళు సభకు రాలేదు గదన్నా. వచ్చినోళ్ళు మనూరోళ్ళు."

"అయ్యా," అని మల్లి అందుకుంది, "చీరాలోళ్ళకు కట్టలు లేకపోతే మనం ఏం జెయ్యాల?"

శ్యాంసన్ ఆమె వైపు చూడలేదు. గొంతు తగ్గించాడు. కోపంగా ఉన్నప్పటికన్నా ఇప్పుడే ఆయన ఎక్కువ నిజంగా మాట్లాడుతున్నాడని రోజీకి తెలిసింది. "చూడు చెల్లె. తర్జుమా అంటే నమ్మకం. ఆయన ఏది చెప్తే అది నువ్వు చెప్పాల. ఆయన అవ్వను తీసకచ్చి మన చెరువు మీద నిలబెట్టే హక్కు నీకు ఎవురిచ్చినారు?"

అది సరైన ప్రశ్నని రోజీకి తెలుసు. రాశిలోంచి ఇంకో కాయ తీసుకుంది.

"అయితే సుప్రియ నిలబడుద్ది ఈ పొద్దు," అన్నాడు.

"నిలబడనీ."

ఆయన కాసేపు అక్కడే ఉన్నాడు. బతిమాలుతుందనుకున్నాడో, కనీసం కళ్ళు తుడుచుకుంటుందనుకున్నాడో. మిరప కళ్ళంలో కళ్ళు తుడుచుకునేవాళ్ళు ఎవరూ ఉండరు. "సభకైనా వస్తావా?" అన్నాడు చివరికి.

"చాప తెచ్చుకుంటా."

మోటారు సైకిలు పోయాక జ్ఞానమ్మ అవ్వ అడిగింది, "ఏమంటాడు?"

"మైకు సుప్రియకు ఇస్తాడంట, అవ్వా."

"మరి మొగుడొచ్చినాడో లేదో ఎట్ల తెలిసేది?"

"సుప్రియ చెప్తాది. బాగా చెప్తాది."

మల్లి తల ఆడించింది. "నాకు మీ దేవుని సంగతి తెల్దు గాని, ఆ ముసలామె సంగతి తేలకుండా నేను మా ఊరికి పోను. వదినా, నువ్వు మాత్రం మొండిదానివే. మా అడవిలో ఇంత మొండి గొడ్డు ఉంటే దాన్ని ఎవురూ కొనరు."

"అమ్మేవాళ్ళు ఉంటే గదా కొనేది," అంది రోజీ. ముగ్గురూ నవ్వారు. నిన్నటి నుంచి ఆమె నవ్వింది ఇదే మొదటిసారి. ఘాటుకు ముగ్గురికీ దగ్గు వచ్చింది.

నాలుగు గంటలకు పని ఆపి ఇంటికి పోతూ ఆమె తనను తాను విచారించుకుంది. అది ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. గిద్దలూరు హాస్టల్లో వార్డెను నేర్పింది. భోజనాల దగ్గర ఇంగ్లీషు తప్ప మాట్లాడనివ్వని ముసలావిడ. ఇంగ్లీషుతోపాటు ఇదీ నేర్పింది. పడుకునే ముందు ఆ రోజు చేసినదాన్ని ఎవరో పరాయిమనిషి చేసినట్టు ఎదురుగా పెట్టుకుని చూడటం. ఇంటర్‌తో చదువు ఆగింది, ఇంగ్లీషు వాడటానికి సభలు తప్ప చోటు లేకపోయింది. ఈ చూసుకోవడం మాత్రం ఆగలేదు.

మొదటిసారి అది తప్పే. ఒప్పుకుంది. ఇరవయ్యేళ్ళ పిల్ల, మొదటిసారి మైకు ముందు నిలబడింది. వచ్చిన పెద్దమనిషి షోర్ అన్నాడు. ఆ మాట ఎన్నడూ వినలేదు. ఆయన ఆ మాట అంటూ చెయ్యి చాచి దూరంగా చూపించాడు. సభలు జరిగేది ఊరి చెరువు కింద బీడులో. ఆయన చెయ్యి పోయిన దిక్కున చెరువు కట్ట ఉంది. ఆమె చెయ్యి వెంట చూసి, కనిపించినదాన్ని చెప్పింది. సముద్రం చూడని ఊళ్ళో, చెరువు కింద నిలబడి చెయ్యి వెంట చూసేవాళ్ళు చేసే తప్పు అది. ఇంకెక్కడా ఎవరూ చెయ్యరు. జనం తలలు ఊపారు. తలలు ఊపారు కాబట్టి అదే అర్థమనుకుంది. పన్నెండేళ్ళు అలాగే అనుకుంది.

తరవాత సంఘంలో వాళ్ళు బస్సు మాట్లాడుకుని సముద్రం చూడటానికి కొత్తపట్నం పోయారు. అందరూ కేకలు వేస్తూ నీళ్ళలోకి పరుగెత్తారు. రోజీ మాత్రం ఇసుక మీద నిలబడి కట్ట కోసం వెతికింది. ఇంత నీటిని ఆపింది ఎక్కడ? ఎవరు కట్టారు? రాయి ఎక్కడ పేర్చారు? ఏమీ లేదు. నీరు వచ్చి పాదాల మీద పడి, వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుక లాక్కుపోయింది. అంచు అనేది ఒకచోట నిలబడటంలేదు. అందరికీ సంతోషమిచ్చినది ఆమెకు భయం ఇచ్చింది. పన్నెండేళ్ళుగా తాను చెప్పింది అబద్ధమని ఆ రోజు తెలిసింది.

ఆ ఏటి సభల్లో మళ్ళీ షోర్ వచ్చింది. తీరం అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ముందు వరసలో జ్ఞానమ్మ అవ్వ ఉంది.

రోజీకి ఏడేళ్ళప్పుడు నాలుగు రోజుల వానకు చెరువు కట్ట అడుగున బొక్క పడింది. మగవాళ్ళు వరసగా నిలబడి ఇసుక బస్తాలు అందించుకుంటుంటే, వాళ్ళకు వెలుతురు కోసం ఆడవాళ్ళు లాంతర్లు పట్టుకుని కట్ట మీద నిలబడ్డారు. కట్ట తెగితే ముందు పోయేది వాళ్ళే. ఒక్కరూ దిగలేదు. ఆ వరసలో జ్ఞానమ్మ ఉంది. ఆమె లాంతరు వెలుతురులో బస్తా మోస్తున్నది రోజీ నాయన. ఈ ఊళ్ళో నీళ్ళ అంచు అంటే అది. మనుషులు కట్టింది, మనుషులు కాయాల్సింది, కాయకపోతే చంపేది. దానంతట అది వచ్చి ఉన్న అంచు వీళ్ళకు తెలియదు.

ఆ ఏటి సభలో అవ్వను చూస్తూ రోజీ నాలుక మీది మాటను మింగి, కట్ట అంది. మొదటిసారి తెలిసి అంది.

అయితే అదంతా ఊరి కోసమేనా? ఇక్కడే ఆమె నడక నెమ్మదించింది. శ్యాంసన్ అడిగింది సరైన ప్రశ్న అయితే, దానికి సరైన జవాబు ఊరు కాదు. జ్ఞానమ్మను అడ్డం పెట్టుకుంటే అది కూడా ఒక దొంగతనమే.

ఇరవై రెండేళ్ళుగా ఆమె మైకు ముందు "నేను" అంటూనే ఉంది. నేను కేరళలో పుట్టాను. నేను తాగుబోతుగా తిరిగాను. నేను మూడు దేశాలు చూశాను. నాకు ఇద్దరు కొడుకులు. ఒక్కటీ ఆమెది కాదు. మైకు దిగి ఇంటికి వచ్చి పొయ్యి ముట్టించేటప్పుడు కూడా ఎవరిదో "నేను" నోట్లో చప్పగా మిగిలి ఉండేది, కడిగినా పోని చింతపండు పులుపులాగా. తనదైన "నేను" ఎలా ఉంటుందో ఎవరూ అడగలేదు, ఆమె కూడా వెతకలేదు. ఆ వేల వాక్యాల్లో, ఎవరూ తనకు ఇవ్వని మాట, తానుగా పెట్టిన మాట ఒక్కటే ఉంది. తప్పు మాట. కట్ట.

ఇదా సంగతి, అనుకుంది. ఇంత చిన్నదా. అయినా సిగ్గు వెయ్యలేదు. సిగ్గు వేస్తుందేమోనని కాసేపు దారిలో ఆగి చూసింది. వెయ్యలేదు. నాకు ఎవరూ హక్కు ఇవ్వలేదన్నా, అని మనసులో శ్యాంసన్‌కు జవాబు చెప్పింది. నేనే తీసుకున్నా. తిరిగి ఇవ్వను.

స్నానం చేసి, తెల్ల చీర కట్టుకుని, చాప చంకన పెట్టుకుని పోయేసరికి పాటలు అయిపోవస్తున్నాయి. పొద్దు వాలుతోంది. స్టేజీ వెనక కట్టిన ఫ్లెక్సీ మీద నీలం సముద్రం, కొబ్బరిచెట్లు, ఒక దీపస్తంభం, పెద్ద అక్షరాల్లో 'నిరీక్షణ తీరం'. ఫ్లెక్సీ ఎంత వెడల్పంటే వెనకున్న చెరువు కట్ట రెండు చివరలు మాత్రమే కనిపిస్తున్నాయి. నిన్నా మొన్నా స్టేజీ మీద నిలబడి ఉండటం వల్ల ఆమె ఇది చూడలేదు. కింద నుంచి చూస్తే నవ్వు వచ్చింది. వీళ్ళు కట్టకు సముద్రం కప్పారు.

ఆడవాళ్ళ వైపు మూడో వరసలో జ్ఞానమ్మ అవ్వ పక్కన చాప పరిచింది. అవతల మల్లి, నూనె రాసుకుని, తలలో పూలు పెట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు కూర్చుంది. స్టేజీ మీద సుప్రియ రోజీని వెతికి పట్టుకుని చూసింది. ఆ చూపులో క్షమాపణ ఉంది. రోజీ తల ఊపింది, కానీమ్మా అన్నట్టు. ఆ పిల్ల మీద ఆమెకు ఏ కోపమూ లేదు. అది కూడా తరచి చూసుకుంది.

పాస్టరు లేచాడు. నిన్న ఆపిన చోటునుంచి ఎత్తుకున్నాడు. గాలి. చీకటి. లాంతరు. షోర్.

"మా నాయనమ్మ తీరాన నిలబడి ఉంది," అంది సుప్రియ. గొంతు గంటలాగా ఉంది. ఒక్క మాట తడబడలేదు. రోజీకి నిజంగానే గర్వం కలిగింది.

జ్ఞానమ్మ అవ్వ మోచేత్తో పొడిచింది. "యాడ నిలబడింది?"

"తీరాన, అవ్వా."

"తీరమంటే టీవీలో చెప్తారే, తుఫాను దాటేది. అదేనా?"

"అదే."

"అయ్యో, ఆడ నిలబడితే చచ్చిపోద్ది గదే! కట్ట మీద ఉండె గదా నిన్న? ఎందుకు దిగింది?"

వెనక వరసలో ఎవరో, "ఇంకో ముసలామె అయ్యుంటాదిలే," అన్నారు. "నిన్నటామె కథ అయిపోయింది."

"అయిపోలేదు," అని మల్లి వెనక్కి తిరిగింది. "అయిపోతే నాకు చెప్పకుండా ఎట్ల అయిపోద్ది?"

పాస్టరు ఇంకో వాక్యం చెప్పాడు. రోజీకి అది పూర్తిగా వినపడింది. ఇన్నేళ్ళూ వాక్యాన్ని పట్టుకోవడమూ ఇచ్చేయడమూ ఒకే కదలికగా చేసింది. ఇప్పుడు పట్టుకుంది, ఇచ్చేచోటు లేదు. వాక్యం నోట్లో నిండుగా ఉండిపోయింది. సుప్రియ దాన్ని చెప్పింది. సరిగ్గానే చెప్పింది. అయినా రోజీ నోట్లోది కరగలేదు.

ఆమె జ్ఞానమ్మ అవ్వ వినపడే చెవి దగ్గరకు వంగింది. "ఇంకా కట్ట మీదనే ఉందవ్వా. దిగలేదు. కిందికిపో, ఇంట్లో పిల్లోళ్ళున్నారు అని ఊరోళ్ళు చెప్పినారు. దిగను అనింది."

"అట్ల చెప్పు," అని జ్ఞానమ్మ సర్దుకుని కూర్చుంది. "దిగకూడదు. దిగితే లాంతరు యాడ కనపడుద్ది?"

మల్లి దగ్గరకు జరిగింది. ముందు వరసలో ఇద్దరు మెడలు తిప్పారు. వెనకనుంచి ఎవరో, "ఏమంటంది? గట్టిగా చెప్పక్కా, మాకూ," అన్నారు. తరవాతి వాక్యం వచ్చింది. రోజీ గుసగుసగా చెప్పింది. గుసగుస ఎంతమందికి అందుతుంది? అందనివాళ్ళు జరిగారు. చాపలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఆడవాళ్ళ వైపు ఒక మూలంతా నేల వాలినట్టు ఆమె వైపు వాలింది.

స్టేజీ మీద శ్యాంసన్ కుర్చీలోంచి లేచాడు. ఆమె వైపే చూస్తూ అరచెయ్యి చాచి కిందికి, కిందికి అని సైగ చేశాడు. బడిలో గోల చేసే పిల్లలకు చేసే సైగ. ఫోను పెట్టిన కడ్డీ కూడా ఎవరో ఇటువైపు తిప్పారు. ఒంగోలు, చీరాల అందులోంచి చూస్తూ ఉంటాయి. పాస్టరు కూడా చూశాడు. అర్థం కాక ఒక క్షణం ఆగి, తరవాత చేతిని లాంతరు పట్టుకున్నట్టు పైకి ఎత్తి, కథలోని పెద్ద వాక్యం చెప్పాడు. చెప్పి, సుప్రియ వైపు తిరిగి ఆగాడు.

సుప్రియ మైకు పట్టుకుని నోరు తెరిచింది. వెంటనే చెప్పలేదు. ఆమె కళ్ళు మూడో వరస మీద ఉన్నాయి.

రోజీ జాకెట్లోంచి కాగితం తీసింది. మడతల దగ్గర చెమటకు మెత్తబడింది. దాన్ని చాప మీద పెట్టి, మోకాలు కింద జాగ్రత్తగా నొక్కిపెట్టింది. పోగొట్టుకోవడానికి ఆమెకు ఇష్టం లేదు. ఆ ఎనిమిది మాటలూ ఇప్పుడు ఆమెవి కూడా.

తరవాత చాప మీద అలాగే మొత్తంగా తిరిగి, స్టేజీకి వీపు పెట్టి, ఆడవాళ్ళ ముఖాలకు ఎదురుగా కూర్చుని, చెయ్యి పైకి ఎత్తి, మైకు లేని గొంతుతో చివరి వరస దాకా వినపడేలా చెప్పింది:

"తెల్లారే వరకు మా అవ్వ కట్ట దిగలేదు."